మజ్లిస్ గోడ మీద నూనె మరకలు

నేను బహ్రెయిన్‌లోని ముహర్రఖ్‌లో ఒక పాత ఇంటిని జనానికి చూపిస్తాను. అదే నా ఉద్యోగం. ఈ మాట చెబితే మా తెలుగు సంఘంలో ఒకావిడ "ఇల్లు చూపించడమేంటమ్మా, అద్దెకిచ్చేదా?" అని అడిగింది. అద్దెకిచ్చేది కాదు. సముద్రంలో మునిగి ముత్యాలు తీసిన రోజుల్లో ఒక వర్తకుడు కట్టుకున్న ఇల్లు. పగడపు రాయి గోడలు, వాటి మీద తెల్లటి జిప్సం పూత, పైకప్పుకు మడ చెట్ల కర్రలు. నడుమ మన మండువాలాగా ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. వీధి వైపు మజ్లిస్, అంటే మగవాళ్లు గోడల వెంట కూర్చుని మాట్లాడుకునే పొడవాటి గది. చాలా ఏళ్లు పాడుబడి ఉన్న ఇంటిని బాగుచేసి సందర్శకుల కోసం తెరిచారు.

నాది కాకినాడ దగ్గర. పెళ్లయి వచ్చినప్పటి నుంచి హమద్ టౌన్‌లో ఉంటున్నాం. మా ఆయన అవాలిలో ఎలక్ట్రీషియన్. అరబీ నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పక్కింటి బహ్రెయినీ ఆవిడతో చేపల కూర గురించి వాదించి వాదించి నేర్చుకున్నాను. చింతపండు వేయాలని నేను, ఎండు నిమ్మకాయ వేయాలని ఆవిడ. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు గానీ భాష మాత్రం వచ్చేసింది. హిందీ, ఇంగ్లీషు, అరబీ వచ్చిన గైడు కావాలంటే వెళ్లాను, తీసుకున్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరంతా చెబుతాడు. అదృష్టం బాగుండి ఆ సంగతి ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు.

మా ఆఫీసులో "సుస్థిర పర్యాటకం" అనే మాట టీ కంటే ఎక్కువగా తిరుగుతుంది. నాకు అర్థమైనంతలో దాని సారం ఇది. ఇల్లు అరిగిపోకూడదు, వాడలోవాళ్లు విసిగిపోకూడదు, వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోకూడదు. అందుకే ఒకసారికి ఒక చిన్న బస్సుకు సరిపడా జనాన్నే లోపలికి పంపుతాం. ఏసీ పెట్టలేదు. గోడల మందం, పైన పలకల మధ్య గాలి దూరే సందులు, అవే చల్లదనం. లోపల క్యాంటీన్ లేదు. ఆకలైతే సందు చివర రొట్టెల పొయ్యి దగ్గరికి పంపిస్తాను, టీకి ఎదురు కొట్టుకి పంపిస్తాను. మొదట్లో మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్న రొట్టెలాయన ఇప్పుడు పొద్దున్నే "ఈ రోజు ఎన్ని బస్సులు?" అని నన్ను పలకరిస్తాడు.

ఆ ఇంటికి ఒక ఆడపడుచు ఉంది. ఆ వర్తకుడి మనవరాలు, ఆ ఇంట్లోనే పుట్టిన మనిషి. ఇప్పుడు ఎనభై దాటిన వయసు, రెండు సందుల అవతల కొడుకు దగ్గర ఉంటుంది. నేను ఆమెను ఖాల్తీ అంటాను, పిన్నీ అన్నట్టు. శుక్రవారం మధ్యాహ్నాలు వస్తుంది, వాకిట్లో నీడపట్టున కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది, వచ్చేపోయేవాళ్లను చూస్తుంది. మజ్లిస్‌లోకి మాత్రం అడుగు పెట్టేది కాదు. చిన్నప్పుడు ఆడపిల్లలకు ఆ గదిలోకి వెళ్లే వీలు లేదు, తలుపు సందులోంచి చూడటమే. ఇప్పుడు ఎవరడ్డం? రమ్మని ఒకసారి చెయ్యి పట్టుకున్నాను. గుమ్మం దగ్గరే ఆగి లోపలికి చూసి, "ఇది మా ఇల్లు కాదు, ఆసుపత్రి" అని వెనక్కి వెళ్లి కూర్చుంది. తెల్లటి గోడలు, నేల మీద ఒక చాప, అంతే మరి ఆ గదిలో. ఖాళీయే మాట్లాడాలని మా ఇంజనీరమ్మ అభిప్రాయం. ఇంజనీరమ్మ అంటే ఇంటిని బాగుచేయించిన బహ్రెయినీ ఆర్కిటెక్టు, చిన్న వయసు పిల్ల, పని రాక్షసి. ఖాళీ ఏం మాట్లాడుతుందో నాకు ఎన్నడూ వినపడలేదు. మజ్లిస్ గురించి ఖాల్తీని ఏమడిగినా చెప్పేది కాదు. నేను బోర్డు మీద రాసున్న నాలుగు మాటలకే ఉప్పూ కారం జల్లి చెప్పుకొచ్చేదాన్ని.

ఇంతలో మేస్త్రి వచ్చాడు. అస్కర్‌లో అల్యూమినియం కర్మాగారం దగ్గర కూలీల క్యాంపులో ఉండే మనిషి, కరీంనగర్ జిల్లా వాడు, ఒక కాంట్రాక్టరు కింద పరంజాలు కట్టే జట్టుకు పెద్ద. ఏదో పని మీద అవాలి వచ్చినప్పుడు మా ఆయనకు పరిచయమై, ఒక సెలవు రోజు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నేనేం పని చేస్తానో విని ముద్ద చేతిలోనే ఉంచుకుని అడిగాడు.

"అక్కా, మేం దుబాయిల ఇన్నేండ్ల సంది ఉంటున్నం. క్యాంపు, డ్యూటీ, క్యాంపు. గీ దేశపోళ్ల ఇల్లు లోపల ఎట్లుంటదో ఒక్కసారన్న సూడలే. మా పొలగాండ్లకు సూపెడ్తవా?"

"ఇది బహ్రెయిన్ కదండీ, దుబాయి అంటారేంటి?" అన్నాను.

"మాకు అన్నీ దుబాయే అక్కా" అని నవ్వాడు.

ఆ మాట నన్ను రాత్రంతా పట్టుకుంది. ఎన్నెన్నో దేశాల నుంచి ఓడల్లో దిగి, మూడు గంటలు తిరిగి, ఫొటోలు తీసుకుని పోయేవాళ్లకు ఈ ఇల్లు చూపిస్తున్నాను. ఇక్కడే ఏళ్ల తరబడి చెమటోడుస్తున్న మనవాళ్లకు ఇక్కడి ఒక్క గది తెలియదు. మర్నాడే ఆఫీసులో అడిగాను. శుక్రవారం మధ్యాహ్నం, ఒక బస్సు, టికెట్ లేకుండా, తెలుగులో. ఇంజనీరమ్మ వెంటనే ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, "ఇది మనం ఎప్పుడో చేయాల్సింది" అంది. ఆ పిల్ల మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ శుక్రవారం వాళ్లు పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, కొత్తగా గీసిన గడ్డాలు. సెలవు రోజు కదా, తలంటుకుని, కొబ్బరినూనె దండిగా పట్టించి, పాపిడి తీసి దువ్వుకున్నారు. సందులోకి బస్సు రాదు కాబట్టి పెద్దరోడ్డు నుంచి నడిచొచ్చారు. నేను చెప్పకముందే గుమ్మం బయట చెప్పులన్నీ వరసగా విడిచారు. ఒకరిద్దరు గడపకు దణ్ణం కూడా పెట్టుకున్నారు. వాకిట్లో కూర్చున్న ఖాల్తీ అది చూసి కుర్చీలో ముందుకు వంగింది. వేరే ఊళ్ల టూరిస్టులు బూట్లతో టకటకలాడుతూ వస్తారు, వాళ్లను విప్పమని చెప్పడానికి నా నోరు నొప్పి పుడుతుంది.

మజ్లిస్‌లోకి రాగానే నేను కూర్చోమనలేదు. వాళ్లే గోడల వెంట చాప మీద బాసింపట్లు వేసుకుని చేరగిలబడి కూర్చున్నారు. ఓడ నాయకులు, ముత్యాల కోసం మునిగేవాళ్లు, వాళ్ల నడుముకు కట్టిన తాడు పట్టుకుని పైకి లాగేవాళ్లు, అందరూ ఇలాగే కూర్చునేవారని చెప్పాను. సీజన్ మొదలైతే నెలల తరబడి సముద్రం మీదే బతుకనీ, ఇంట్లో ఆడవాళ్లు తీరాన నిలబడి ఎదురుచూసేవారనీ చెప్పాను. తాడు లాగే మనిషి సంగతి చెప్పినప్పుడు మేస్త్రి తల ఊపాడు. "మా తీరుగనే. మీద ఎక్కినోని పానం కింద తాడు వట్టినోని చేతుల ఉంటది" అన్నాడు. ఇంకొకతను "మరి ఆళ్లకు ఓవర్‌టైం ఉండెనా అక్కా?" అన్నాడు. గదంతా గొల్లుమంది. నేను ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందు వినలేదు.

నా గొంతు మాంచి ఊపు మీదుండగా గురక వినపడింది. మూల దగ్గర, గాలి సందుల కింద, జట్టులో అందరికంటే పెద్దవాడు గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. నెరిసిన మీసం, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అందరూ కాక అని పిలిచే మనిషి, జగిత్యాల అవతల ఏదో పల్లె. నాకు చర్రున కోపం వచ్చింది. ప్రాణం పెట్టి చెబుతుంటే గురకా? పక్కవాడు తట్టి లేపబోతే మేస్త్రి వద్దని సైగ చేశాడు. నేను మిగతావాళ్లను మిగతా గదులకు తీసుకెళ్లి, మేడ దాకా తిప్పి తీసుకొచ్చినా ఆయన అలాగే ఉన్నాడు. చివరికి లేచి, ఎక్కడున్నానో ఒక నిమిషం అర్థంకాక చూసి, నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు.

"ఏమనుకోకు బిడ్డా. క్యాంపుల ఏసీ లారీ తీర్గ మొత్తుకుంటది. రూముల పదిమందిమి. గింత సల్లగ, గింత సప్పుడు లేకుంట పండుకోక ఎన్నేండ్లాయెనో."

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆ ఇల్లు ఎంత బాగా కట్టారో ఎన్నో భాషల్లో చెప్పాను గానీ, ఆయన నిద్రపోయి చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. పోతూ పోతూ వాళ్లు రొట్టెల పొయ్యి ఖాళీ చేసి పోయారు. రొట్టెలాయన ఆ సాయంత్రం పాట పాడుకుంటూ పొయ్యి ఊడ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇంజనీరమ్మ ఫోను. గొంతు వినగానే ఏదో కూలిందనుకుని పరుగెత్తుకెళ్లాను.

మజ్లిస్ గోడ మీద, కూర్చున్న మనిషి తల తగిలే ఎత్తులో, వరసగా గుండ్రటి నూనె మరకలు. ప్రతి మనిషికీ ఒకటి. మూల దగ్గరిది అన్నిటికంటే పెద్దది, చారెడు మేర. మన ఇళ్లలో తాతలు చేరగిలబడే చోట ఉంటాయే, అచ్చం అవే. పుట్టినప్పటి నుంచి చూసినవే గనక నిన్న వాళ్లు గోడకు ఆనుకుంటున్నప్పుడు నాకు ఏమీ తట్టలేదు. వాళ్లకూ తట్టలేదు. తలకు నూనె పెట్టుకోవడం ఎంత సహజమో, గోడకు ఆనుకోవడం అంతే సహజం మా అందరికీ.

"ఇది సిమెంటు గోడ కాదు" అంది ఇంజనీరమ్మ, మరక మీద వేలు ఆనీ ఆనకుండా చూపిస్తూ. "నేలలోంచి ఉప్పు తేమ పైకి ఎక్కుతుంది. ఈ పూత ఊపిరి పీల్చి దాన్ని బయటికి వదులుతుంది. నూనె పట్టిన చోట ఊపిరి ఆడదు. ఉప్పు లోపలే చేరి పొక్కులు లేస్తుంది, పూత రాలుతుంది. గీకేసి మళ్లీ పూయించాలి."

గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ ఊపిరి ఉంటుందని ఆ ఇంట్లో చేరాకే తెలిసింది. ఆమె చెప్పింది తప్పు కాదు. తర్వాతి మాటే నాకు గుచ్చుకుంది. క్యాంపు నుంచి వచ్చే గ్రూపుల్ని ప్రస్తుతానికి ఆపేద్దాం, ఏదైనా దారి దొరికితే అప్పుడు చూద్దాం, అంది.

"ఆమధ్య ఓడలో వచ్చిన టూరిస్టు ఒకావిడ ఇదే గోడకు కాఫీ కప్పు ఆనించి మరక చేసింది. ఆవిడకు సారీతో సరిపోయిందా?" అన్నాను.

"ఆ ఓడ కంపెనీ గ్రూపుల్నీ ఆపాను కదా. మీకు గుర్తులేదా?"

గుర్తుంది. గుర్తున్నందుకు నాకు ఇంకా మండింది. తప్పు ఎదుటివాళ్ల వైపుంటే పోట్లాడటం తేలిక. ఆ మంట ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "నూనె వాళ్లు రాసుకుంటే అంట్లు నువ్వు తోముతున్నావేంటి?" అన్నాడు. ఆ పూట ఆయనకు పెరుగన్నమే.

మేస్త్రికి ఎలా చెప్పాలో తోచలేదు. ఆయనే ఫోను చేశాడు. వచ్చే శుక్రవారానికి ఇంకో బస్సు నిండా పేర్లిచ్చారట, చూసొచ్చినవాళ్లు కూడా మళ్లీ వస్తామంటున్నారట. కాకైతే చద్దరు తెచ్చుకుంటానంటున్నాడట. నేను నాన్చకుండా జరిగింది చెప్పేశాను.

"ఇంట్ల గూడ గిదే లొల్లి అక్కా. గోడకు నూనె అంటిచ్చిండ్రని మా అమ్మ సీపురు తిరగేసేది. మేమే వచ్చి గీకి పూస్తం. ఆ మేడమ్‌కు జెప్పు."

అలా కుదరదని, దానికి వేరే పనివాళ్లుంటారని చెప్పాను.

"మరి మల్ల రానియ్యరా?" అన్నాడు. ఆ అడగడంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఎన్నో చోట్ల రానివ్వని మనిషి అడిగినట్టు, అలవాటుగా అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. చూస్తానన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

తర్వాతి శుక్రవారం బస్సు రాలేదు. ఖాల్తీ మాత్రం వచ్చింది. కుర్చీలో కూర్చుని, వీధి గుమ్మం వైపు చూసి చూసి నన్ను అడిగింది.

"చెప్పులు విప్పి వచ్చిన ఆ మనుషులు ఏరీ?"

చెప్పాను. మరకలనగానే లేచింది. చేతికర్ర నేలకు తాటిస్తూ మజ్లిస్ గుమ్మం దాకా నడిచింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. లోపలికి వెళ్లి, గోడ వెంట నడిచి, మరకలన్నీ ఒక్కొక్కటే చూసింది. మూల దగ్గర పెద్ద మరక ముందు నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"మా నాయన కాలంలో ఈ గోడ నిండా ఇవే. మీ దేశం నుంచి పడవల్లో కొబ్బరినూనె వచ్చేది, సముద్రం మీది మనుషులు తలకు అదే పట్టించేవాళ్లు. లేకపోతే ఉప్పునీళ్లకు జుట్టు తాడైపోతుంది. వాళ్లు పోగానే మా అమ్మ ఈ గోడ చూసి మా నాయన్ని దులిపేసేది. దిండ్లు వెయ్యండి, వీపుకూ తలకూ దిండ్లు వెయ్యండి అని ఆమె పోరు. దిండ్లు వేసేవాళ్లు, అవి జారిపోయేవి. పండక్కి ముందు గోడకు మళ్లీ పూత."

నా చెయ్యి పట్టుకుని గది పొడవునా తిప్పింది. ఇక్కడ ఓడ నాయకుడు, ఇక్కడ కళ్లు సరిగా కనపడని ముసలి పాటగాడు, ఇక్కడ కథలు చెప్పి అందర్నీ నవ్వించే తాడు లాగే మనిషి. తలుపు సందులోంచి చూసిందంతా చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఈ గది నాకు తెలిసిన గదిలా లేదు. ఎక్కడని చూపించను?" అంది.

నేను పరుగెత్తినట్టే వెళ్లి ఇంజనీరమ్మకు ఫోను చేశాను. ఆమె వచ్చింది. ఖాల్తీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తన మాటల్లో తేల్చేసింది. గీకడం గీకండి, అది మా అమ్మ కూడా చేసింది. కానీ గీకేముందు ఆ మనుషుల్ని ఒకసారి పిలవండి, నేను వాళ్లతో కూర్చోవాలి. దిండ్లు నేను పంపిస్తాను, మా అమ్మ కుట్టించినవి పెట్టెలో ఉన్నాయి, వాటి కొలతకు కొత్తవి కుట్టించండి. ఇక మీద ఎవరొచ్చినా గోడకు దిండు, దిండుకు తల. ఇంజనీరమ్మ కొంచెంసేపు పెదవి కొరుక్కుంది. ఆపైన, ఉతకడానికి వీలుగా గుడ్డ తొడుగులు వేయిద్దామంది. ఖాళీ గది మోజు అంత తేలిగ్గా ఆ పిల్ల వదులుకుంటుందని నేను అనుకోలేదు. నేనడిగితే దాని కారణం కూడా చెప్పింది. వాళ్ల తాతగారింట్లోనూ గోడకు ఇవే మరకలట.

ఆ సాయంత్రమే మేస్త్రికి చెప్పాను. "నిజంగనా అక్కా? ఆ అమ్మనే రమ్మన్నదా?" అని రెండుసార్లు అడిగాడు. కానీ దిండ్లు కుట్టడానికి కొన్ని వారాలు పట్టింది. దర్జీల సంగతి ఏ దేశంలోనైనా ఒకటే.

వాళ్లు మళ్లీ వచ్చిన రోజు వాకిట్లోకి బెరుగ్గా అడుగుపెట్టారు. కొందరు తలలకు రుమాళ్లు కట్టుకున్నారు, కొందరు నూనె చుక్క లేకుండా ఎండుజుట్టుతో వచ్చారు. ఖాల్తీ మజ్లిస్ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పిలిచింది. ఆ గదిలో, మగవాళ్ల మధ్య, ఆమె మొదటిసారి కూర్చోవడం అది. రాగి కూజాలోంచి చిన్న కప్పుల్లో కాఫీ తనే పోసింది. చేదు కాఫీ, చక్కెర ఉండదు. మొహాలు చిట్లించుకుంటూ తాగి, మర్యాదకు కప్పు మళ్లీ ముందుకు చాపారు. కప్పు చాపితే ఇంకా కావాలని అర్థం. ఇక వద్దంటే దాన్ని అటూ ఇటూ ఊపాలి. ఆ సంగతి చెప్పడం నేను కావాలనే కాస్త ఆలస్యం చేశాను.

తర్వాత ఆమె నన్ను అడగమంది. ఏ మరక ఎవరిది?

మొదట సిగ్గుపడ్డారు. మేస్త్రి లేచి, వరసలో మూడో మరక దగ్గర కూర్చుని, తల దానికి సరిపెట్టి చూపించాడు. ఇక మిగతావాళ్లు ఆగలేదు. "నాది గిది", "కాదురా, నీది అంత కిందుంటదా", "నాది సూడుండ్రి, సందమామ లెక్క గుండ్రంగున్నది". ఒకరినొకరు తోసుకుంటూ ఎవరి మరక కింద వాళ్లు కూర్చున్నారు. ఖాల్తీ ఒక్కొక్కరినీ చూసి తల ఊపుతూ, ఈ చోటు మా పాటగాడిది, ఈ చోటు కథలు చెప్పేవాడిది అని పంచిపెట్టింది. నేను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దూకలేక చచ్చాను. అంత సంతోషంగా ఏ టూరూ చేయలేదు.

మూల దగ్గర పెద్ద మరక కింద ఎవరూ కూర్చోలేదు.

"అది ఎవరిది? నిద్రపోయిన ఆయనదేనా? రాలేదేం?" అంది ఖాల్తీ.

నేను మేస్త్రి వైపు తిరిగాను. ఆయన రుమాలు విప్పి చేతిలో నలిపాడు.

"కాక, పోయిన వారమే ఇంటికి పోయిండక్కా. సైటుల పని అయిపోయింది, వయసైనోళ్లను వీసా క్యాన్సిల్ కొట్టి పంపిండ్రు. ఖలాస్. ఇగ ఆయన మల్ల రాడు. రమ్మన్నరని జెప్పినప్పుడు మస్తు సంబరపడ్డడు. గిన్ని దినాలు ఆగలేకపోయిండు."

అందరూ నా మొహం చూస్తున్నారు. ఖాల్తీ కూడా. ఎందరికో ఎన్నో అనువదించాను, ఎక్కడా తడుముకోలేదు. అప్పుడు మాత్రం సగమే నోట్లోంచి వచ్చింది.

"ఇంటికి వెళ్లాడు, ఖాల్తీ."

ఆమె మొహం విప్పారింది. దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంది. "సీజన్ అయిపోగానే మా వాళ్లూ అంతే, ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ సీజన్‌కు వచ్చి వాళ్ల చోట్లో వాళ్లు కూర్చునేవాళ్లు." ఇంజనీరమ్మ వైపు తిరిగి, "తక్కినవన్నీ గీకించు. ఆయనది ఉండనీ, ఆయన వచ్చేదాకా" అంది.

ఇంజనీరమ్మకు హిందీ తెలుసు, వీసా క్యాన్సిల్ అంటే ఏమిటో ఇక్కడ పనులు చేయించే ఎవరికైనా తెలుసు. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. "అలాగే" అంది.

ఆ వారంలోనే మిగతావన్నీ గీకి పూశారు. ఇప్పుడు క్యాంపుల నుంచి బస్సులు ప్రతి శుక్రవారం వస్తున్నాయి. అందరూ దిండ్లకు తలలు ఆనిస్తారు, వాటి తొడుగులు వారం వారం ఉతికిస్తాం. మూల దగ్గరి మరక అంచున నిజంగానే చిన్న చిన్న ఉప్పు పొక్కులు లేచాయి. ఇంజనీరమ్మ వచ్చినప్పుడల్లా దీపం వేసి చూస్తుంది, మెత్తటి కుంచెతో దులుపుతుంది, గీకమని మాత్రం అనదు. టూరిస్టులు అడిగితే, ఈ ఇల్లు ఎంత చల్లగా ఉంటుందో తెలిసిన ఒకాయన నిద్రపోయిన చోటు అని చెబుతాను.

మేస్త్రి దగ్గర నంబరు తీసుకుని కాకకు ఆ మరక ఫొటో పంపించాను. ఫోను చేశాడు. "నా తలకాయనా బిడ్డా అది? ఇంకా ఉంచిండ్రా?" అని చాలాసేపు నవ్వాడు. ఎందుకు ఉంచారో చెప్పాక నవ్వు ఆగిపోయింది. వెనకాల కోళ్ల అరుపులు, ఎవరో మోటారు వేస్తున్న చప్పుడు వినపడ్డాయి.

"ఆ అమ్మకు నేను రానని జెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. ఖాల్తీ ఇప్పుడు వాకిట్లో కూర్చోవడం లేదు, నేరుగా మజ్లిస్‌లోకే వస్తుంది. బస్సు దిగినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తుంటే మొహాలన్నీ పరికించి చూస్తుంది. చివరివాడు కూడా వచ్చి కూర్చున్నాక నా వైపు తిరిగి, ఆయన వచ్చాడా అని అడుగుతుంది.

"ఇంకా రాలేదు, ఖాల్తీ" అంటాను.